యేటి అవతలి పొగ

1

ఒక పని చెయ్యమని శాసించేది ఒకరు, చెయ్యవలసింది మరొకరు అయినప్పుడు, ఆ పని జరగకపోతే దోషం యెవరిది? నీతిశాస్త్రంలో యిది పాత ప్రశ్నే. రాజు, బంటు, యజమాని, సేవకుడు, సేనాని, సైనికుడు - యీ జంటలను ముందు పెట్టుకుని పూర్వులు దీన్ని చాలా దూరం చర్చించారు. అయితే వారి చర్చలో రెండు వైపులా వున్నది మనుషులు. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి అడగడానికి ఒక ముఖమంటూ వుండేది. నేడు ఆ రెండు స్థానాలలోనూ సంస్థలు కూర్చున్నాయి. ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖ నియమం రాస్తుంది. రాష్ట్ర రాజధానిలో ఒక మండలి దాన్ని అమలు జరపాలి. యీ రెంటికీ నడుమ మరొక కేంద్ర మండలి, నిపుణుల సంఘాలు, ట్రిబ్యునళ్లు. చిట్టచివర గాలి పీల్చేవాడు మాత్రం మనిషే. పై మెట్లన్నిటి మీదా సంస్థలు, కింది మెట్టు మీద మనిషి వున్న యీ నిచ్చెనలో బాధ్యత యెక్కడ నిలుస్తుంది? బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల పొగకు సంబంధించిన నియమాలను ఆధారం చేసుకుని యీ ప్రశ్నను పరిశీలించడం నా ఉద్దేశం.

యిందుకు దూరం పోనక్కరలేదు. పల్నాడులో దాచేపల్లి దాటి హైదరాబాదు దారిన పోతే పొందుగల దగ్గర కృష్ణ మీద వంతెన వస్తుంది. వంతెనకు యీవల ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. ఆవల తెలంగాణలోని నల్లగొండ జిల్లా. అవతలి గట్టున, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి వున్న ఆ దామరచర్ల మండలంలోనే, వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. 2015 జూన్‌లో దానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. వాటిలో ఒక యూనిట్‌ను 2024 డిసెంబరులో ప్రారంభించారు.

గడచిన శీతకాలంలో ఒక సాయంత్రం, వాడపల్లి అగస్త్యేశ్వరాలయం చూసి వస్తూ, నలుగురు విద్యార్థులతో కలిసి ఆ వంతెన మీద ఆగాను. మిరప చేలో పని చూసుకుని వస్తున్న ఒక పెద్దాయన మా పక్కనే నిలబడి, "ఏంది సారూ చూస్తన్నారు?" అని పలకరించాడు. దూరాన పొగగొట్టాల వైపు చూపించాను. ఆయన కాసేపు అటే చూసి, "నీళ్లు తగ్గితే యెవర్ని అడగాల్నో మాకు తెలుసు సారూ. కాలవ ఇంజనీరును నిలదీస్తాం. మరి యీ పొగ సంగతి యెవర్ని అడగాల?" అన్నాడు.

నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మరునాడు ఒక కార్యాలయానికి ఫోను చేసి అదే ప్రశ్న అడిగాను. "అది అవతలి రాష్ట్రం సార్, మా పరిధి కాదు" అన్నారు. అవతలి రాష్ట్రంలో మరొక కార్యాలయానికి చేశాను. "మీది యే జిల్లా?" అని అడిగి, "నియమాలు ఢిల్లీ వాళ్లవి, మేము అమలు చేసేవాళ్లం మాత్రమే" అన్నారు. యిద్దరూ మర్యాదగానే మాట్లాడారు. యిద్దరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ పెద్దాయన ప్రశ్న అక్కడే వుండిపోయింది. యెవరికి వారు నిజమే చెబుతున్నప్పుడు మొత్తం మీద ఒక అన్యాయం యెలా తయారవుతుంది అన్నదే యిక్కడ ఆలోచించవలసిన విషయం.

2

ముందుగా చట్టం యేమి చెబుతున్నదో చూద్దాం. మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో పర్యావరణం అనే పద్దు లేదు. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనూ, విద్యుత్తు ఉమ్మడి జాబితాలోనూ వున్నాయి. నీరు రాష్ట్రాల విషయం కనుక 1974 నాటి జల కాలుష్య చట్టాన్ని పార్లమెంటు కొన్ని రాష్ట్రాల తీర్మానాలు తీసుకుని చేసింది. కేంద్ర మండలీ, రాష్ట్ర మండళ్లూ ఆ చట్టం నుంచే పుట్టాయి. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ నిర్ణయాలను అమలు జరపడానికని 1981లో వాయు కాలుష్య చట్టం వచ్చింది. భోపాల్‌లో 1984 డిసెంబరులో విషవాయువు వేలమందిని బలిగొన్న తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. విద్యుత్ కేంద్రాల పొగకు హద్దులు యీ చివరి చట్టం కింది నిబంధనలలో వున్నాయి. అంటే హద్దు గీసే కలం ఢిల్లీలో వున్నది.

అమలుకు వచ్చేసరికి సంగతి వేరు. వాయు చట్టం 21వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మండలి సమ్మతి లేకుండా యే ప్లాంటునూ కట్టరాదు, నడపరాదు. 31-ఏ సెక్షన్ కింద మండలి ఒక పరిశ్రమను మూయమనవచ్చు, దానికి నీరూ కరెంటూ ఆపించవచ్చు. యింతకంటే ముఖ్యమైనది 1986 నిబంధనలలో మూడవది. అక్కడి గాలి, అక్కడి నీరు యెంత భారం మోయగలవో చూసి, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, రాష్ట్ర మండలి కేంద్రం పెట్టిన హద్దుకంటే కఠినమైన హద్దు పెట్టవచ్చునని అది చెబుతున్నది. సడలించే అధికారం లేదు. బిగించే అధికారం వున్నది. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు, ఢిల్లీ కాలుష్య నియంత్రణ సంఘానికి సంబంధించిన కేసులో, కాలుష్యం చేసినవారి నుంచి నష్టపరిహారం రాబట్టే అధికారం కూడా మండళ్లకు వున్నదని తీర్పు చెప్పింది.

కనుక "మేము అమలు చేసేవాళ్లం మాత్రమే" అన్న మాటలో "మాత్రమే" అనే భాగం నిలవదు. కేంద్ర మండలి ఆదేశాలకు రాష్ట్ర మండలి కట్టుబడి వుండాలన్నది నిజమే. కాని కట్టుబడి వుండడం వేరు, చేతులు కట్టుకుని వుండడం వేరు. చట్టం యీ మండలిని కేవలం చెయ్యిగా సృష్టించలేదు. చూసి, తూచి, కారణం రాసి నిర్ణయించే బుద్ధిగా కూడా సృష్టించింది.

అయితే అదే చట్టం యీ బుద్ధిని యెక్కడ కూర్చోబెట్టిందో కూడా గమనించాలి. మండలి అధ్యక్షుణ్ణి రాష్ట్ర ప్రభుత్వమే నియమిస్తుంది. సభ్యులలో యిద్దరు రాష్ట్ర ప్రభుత్వ కంపెనీలకు, కార్పొరేషన్లకు ప్రతినిధులుగా వుండాలని చట్టంలోనే రాశారు. యాదాద్రి కేంద్రం తెలంగాణ ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు కేంద్రం, కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ కేంద్రం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థవి. కరెంటు అమ్మేదీ ప్రభుత్వమే, పొగను కొలిచేదీ ప్రభుత్వమే. తూకం రాళ్లు దుకాణదారు చేతిలో వున్నప్పుడు అతడు దొంగ కానక్కరలేదు. కొనేవాడికి అనుమానం రావడానికి అంతే చాలు. యిది ఒక అధికారి గుణదోషాల ప్రశ్న కాదు. నిర్మాణంలోనే వున్న లోపం.

3

యిక హద్దుల చరిత్ర. 2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాలకు కొత్త హద్దులు ప్రకటించింది. అంతవరకు మనకు ధూళికి తప్ప పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌కు, నైట్రోజన్ ఆక్సైడ్‌లకు, పాదరసానికి దేశవ్యాప్తమైన హద్దు లేదు. సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో పాత చిన్న యూనిట్లకు ఘనపు మీటరుకు 600 మిల్లీగ్రాములు, 500 మెగావాట్లూ అంతకు మించిన పాత యూనిట్లకు 200, 2017 జనవరి నుంచి వచ్చే కొత్త యూనిట్లకు 100 అని నిర్ణయించారు. పాతవాటికి రెండేళ్ల గడువు యిచ్చారు.

రెండేళ్లు గడిచాయి. 2017 డిసెంబరులో గడువును విడతల వారీగా 2022 దాకా పొడిగించారు. 2021లో దేశంలోని ప్లాంట్లను మూడు తరగతులుగా విడదీశారు. రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షల జనాభా దాటిన నగరానికి గాని పది కిలోమీటర్ల లోపు వున్నవి మొదటి తరగతి. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకు పది కిలోమీటర్ల లోపువి రెండవది. మిగిలినవన్నీ మూడవది. 2022 సెప్టెంబరులో మళ్లీ పొడిగింపు. 2024 డిసెంబరులో మళ్లీ పొడిగింపు. చివరకు 2025 జులై 11న మూడవ తరగతికి సల్ఫర్ డయాక్సైడ్ హద్దు వర్తించదని, పొగగొట్టాల యెత్తు నిబంధన పాటిస్తే చాలునని ప్రకటించారు. దేశంలోని సుమారు 600 యూనిట్లలో 78 శాతం దాకా యీ మూడవ తరగతివే. రెండవ తరగతి సంగతి ఒక్కొక్కటిగా విచారించి తేలుస్తారు. కచ్చితమైన గడువు మిగిలింది మొదటి తరగతికి మాత్రమే. అది 2027 చివర.

యీ పదేళ్ల కథలో 2025 జులై దాకా హద్దును యెవరూ రద్దు చెయ్యలేదు. యెప్పటికప్పుడు గౌరవంగా ముందుకు జరుపుతూ వచ్చారు. నడుమ 2021లో, గడువు దాటినవారు యూనిట్ కరెంటుకు యిన్ని పైసలని పరిహారం కట్టాలని పట్టిక వేశారు. అందులో అత్యధికం 20 పైసలు. తప్పుకు ధర కట్టినప్పుడు తప్పు కాస్తా ఖర్చుపద్దు అవుతుంది. నియమాన్ని పాటించడం, పాటించకపోవడం అనే నీతి ప్రశ్న యేది చవక అనే లెక్కల ప్రశ్నగా మారుతుంది.

మంత్రిత్వశాఖ వాదాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. మన బొగ్గులో గంధకం తక్కువ; సాధారణంగా అర శాతం ప్రాంతంలో వుంటుంది. చాలా వూళ్లలో గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ అనుమతించిన స్థాయికి లోపే వున్నది. గంధకాన్ని కడిగే యంత్రానికి ఖర్చెక్కువ. దాన్ని నడపడానికి కరెంటు కావాలి. సున్నపురాయి వాడితే కొంత బొగ్గుపులుసు వాయువు కూడా వస్తుంది. యిందులో యేదీ కల్పన కాదు. కాని సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో అదే రూపంలో నిలిచి వుండదు. ప్రయాణంలో అది సల్ఫేటు రేణువులుగా మారి, వూపిరితిత్తుల లోతుకు పోయే సన్నని ధూళిలో కలుస్తుంది. గొట్టం పక్కన నిలబడి వాయువును కొలిచి తక్కువగా వుందనుకోవడం, ధాన్యం మిల్లుకు పోయాక కల్లంలో గింజలు లెక్కపెట్టడం వంటిది.

యీ వర్గీకరణలో అంతకంటే గట్టి ఆక్షేపణ వేరే వున్నది. పొగ హానికరం కాదనుకుంటే మొదటి తరగతిలో యంత్రం యెందుకు? హానికరమే అనుకుంటే మూడవ తరగతిలో యెందుకు వద్దు? దీనికి దొరికే జవాబు ఒక్కటే: అక్కడ జనం యెక్కువ, యిక్కడ తక్కువ. యాదాద్రికి పది కిలోమీటర్ల లోపు పది లక్షల నగరమేదీ లేదు. మిర్యాలగూడ, దాచేపల్లి, గురజాల అన్నీ కలిపినా ఆ లెక్కకు చాలవు. నిర్వచనాన్ని అక్షరాలా చదివితే యివి మూడవ తరగతి వూళ్లు. తలలు లెక్కపెట్టి ఖర్చు ఆదా చేసే యీ నీతిలో, ఒంటరిగా వున్న వూపిరితిత్తికి గుంపులో వున్న వూపిరితిత్తికంటే తక్కువ విలువ. మెజారిటీ సుఖం అనే పేరుతో పాశ్చాత్య దేశాల్లో పుట్టిన సిద్ధాంతం యెక్కడ తప్పటడుగు వేస్తుందో తరగతి గదిలో వివరించడానికి యిక వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు.

4

పొగగొట్టం యెత్తు వుంటే చాలునన్న షరతును కొంచెం నిదానంగా ఆలోచించాలి. మన నిబంధనలలో 500 మెగావాట్లూ అంతకు మించిన యూనిట్లకు 275 మీటర్ల గొట్టం అన్నది పాత సూత్రం. గొట్టం యెత్తు పెరిగితే లోపలి నుంచి వచ్చే గంధకం గ్రాము కూడా తగ్గదు. అది పడే చోటు మాత్రం మారుతుంది. దగ్గర కొద్దిమంది మీద చిక్కగా పడవలసింది దూరాన చాలామంది మీద పలచగా పడుతుంది. అప్పుడు చిక్కని పొగకు సాక్షి వుంటాడు. పలచని పొగకు సాక్షి వుండడు.

దీని ఫలితం ప్రపంచానికి కొత్త కాదు. బ్రిటన్‌లోనూ యితర పశ్చిమ ఐరోపా దేశాలలోనూ పొడుగాటి గొట్టాలు కట్టుకుని తమ పట్టణాల గాలిని బాగు చేసుకున్న తరువాత, నార్వే స్వీడన్ సరస్సులలో నీరు పులిసి చేపలు చచ్చాయి. సముద్రం దాటి వచ్చిన పొగకు యెవరిని అడగాలన్న ప్రశ్న అక్కడా పుట్టింది. ఆ ప్రశ్న ఫలితమే 1979లో జెనీవాలో కుదిరిన సరిహద్దులు దాటే వాయు కాలుష్య ఒడంబడిక. పొగ దూరం పోవడం నేరం తగ్గడం కాదు, నేరానికి చిరునామా మారడమేనని ఆ దేశాలు ఒప్పుకోవలసి వచ్చింది.

పరిపాలన నిచ్చెన కూడా ఒక పొగగొట్టం వంటిదే. బాధ్యత కింద పుట్టి, మెట్టు మెట్టుగా పైకి పోయి, పైన పలచబడి, యెక్కడ పడిందో తెలియకుండా పోతుంది. ప్లాంటు ఇంజనీరు నిధులు రాలేదంటాడు. సంస్థ, ధర పెంచడానికి నియంత్రణ సంఘం ఒప్పుకోవాలంటుంది. మండలి, గడువు ఢిల్లీ పొడిగించిందంటుంది. ఢిల్లీ, నిపుణుల అధ్యయనం చూపిస్తుంది. నిపుణులు, మేము సలహా మాత్రమే యిచ్చామంటారు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదని మన సామెత. యిక్కడ పామును కొట్టనివాడు యెవడూ లేడు. ప్రతివాడూ కర్ర యెత్తినవాడే. పాము మాత్రం బతికే వున్నది.

బాధ్యతను పంచితే తగ్గుతుందనుకోవడంలోనే మూలదోషం వున్నది. అప్పును పదిమందికి పంచితే తలకు పదోవంతు వస్తుంది. బాధ్యత అలాంటిది కాదు. బావిలో పడ్డ బిడ్డను గట్టు మీద పదిమంది చూస్తూ నిలబడితే ఒక్కొక్కరిదీ పదోవంతు తప్పు కాదు. ఒక్కొక్కరిదీ మొత్తం తప్పే. చూడగలిగినవాడు, ఆపగలిగినవాడు, ఆపకపోతే, మరొకడు కూడా ఆపగలిగి వుండడం అతనికి జవాబు కానేరదు. రాష్ట్ర మండలికి చూసే కన్ను వున్నది: పెద్ద పరిశ్రమల గొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు పెట్టించమని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది, ఆ అంకెలు మండళ్లకు చేరాలి. ఆపే చెయ్యి వున్నదని పైన చూశాం. యిక లేనిదల్లా ఆపాలన్న నిర్ణయం.

మండళ్లలో పనిచేసే ఉద్యోగుల స్థితి నాకు తెలియకపోలేదు. దేశం మొత్తం మీద రాష్ట్ర మండళ్లలో మంజూరైన ఉద్యోగాలలో దాదాపు సగం ఖాళీగా వున్నట్టు కేంద్ర మండలి లెక్కలే చెప్పాయి. ఒక్క ఇంజనీరు పదుల పరిశ్రమలు తిరగాలి. అతణ్ణి దోషిగా నిలబెట్టడం సులభం, అన్యాయం కూడా. కాని ఖాళీలు ఆకాశం నుంచి పడవు. వాటిని నింపకపోవడం కూడా ఒకరి నిర్ణయమే. అమలు చేసే చేతిని బలహీనంగా వుంచి, నియమాన్ని బలంగా రాయడం పాలకులకు చాలా కాలంగా అలవాటయిన విద్య. నియమం చూపించి ప్రజలను మెప్పించవచ్చు, అమలు లేకపోవడంతో పెట్టుబడిని మెప్పించవచ్చు.

5

నీటికీ గాలికీ మనం చేస్తున్న తేడా చూడండి. పొందుగల వంతెన కింద పారే నీటి కోసం 1969లో ట్రిబ్యునల్ వేశారు. 2014 విభజన చట్టం కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ ఆనకట్ట మీదికి ఆంధ్ర పోలీసులు యెక్కి కుడి కాలవకు నీరు వదిలినప్పుడు రెండు రాష్ట్రాల పోలీసులు ముఖాముఖి నిలిచారు. కేంద్ర బలగాలు వచ్చి నిలబడవలసి వచ్చింది. ఒక్క టి.ఎం.సి. కోసం యింత జరుగుతుంది. అదే వంతెన మీదుగా పోయే గాలికి ట్రిబ్యునల్ లేదు, బోర్డు లేదు, తగవు కూడా లేదు. తగవు లేకపోవడం సఖ్యత కాదు. నీటిని కొలిచి పంచుకోవచ్చు, పొలానికి పెట్టవచ్చు, ధర కట్టవచ్చు. అందుకని దానికి హక్కుదారులున్నారు. గాలి యెవరి ఆస్తీ కాదు కనుక దాని పక్షాన నిలిచే ప్రభుత్వం లేదు. ఆస్తి కానిదానికి రక్షణ లేని వ్యవస్థ మన నీతిని గురించి చాలా చెబుతుంది.

చట్టం లోపం యిక్కడ స్పష్టంగా కనబడుతుంది. 2006 ప్రకటన ప్రకారం యిటువంటి ప్లాంటుకు అనుమతి యిచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ, ప్లాంటు కట్టే జిల్లాలో, ఆ రాష్ట్ర మండలి జరపాలి. అధ్యయనం కోసం చుట్టూ పది కిలోమీటర్ల వలయం గీస్తారు. వలయం యేరు దాటవచ్చు. సభ యేరు దాటనక్కరలేదు. యాదాద్రికి 2017లో వచ్చిన పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది యీవలి మండలి కాదు, ఆవలి మండలి కాదు; బొంబాయిలోని ఒక ప్రజాహిత సంస్థ. 2022 సెప్టెంబరులో ట్రిబ్యునల్ ఆ అధ్యయనం చాలదని, అదనపు అధ్యయనాలు జరపాలని చెప్పింది. రెండు గట్ల మీదా జీతాలు తీసుకుంటున్న రెండు మండళ్లుండగా, యెక్కడో పడమటి సముద్రపు ఒడ్డు నుంచి ఒకరు రావలసి వచ్చింది.

అమెరికాలో 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం కూడా మనలాగే పని విభజిస్తుంది. కేంద్ర సంస్థ హద్దులు పెడుతుంది, రాష్ట్రాలు అమలు ప్రణాళికలు రాస్తాయి. అయితే రాష్ట్రం రాయకపోతే కేంద్రమే రాస్తుంది. అంతేగాక, ఒక రాష్ట్రపు పొగ గాలివాలున వున్న మరొక రాష్ట్రాన్ని గణనీయంగా చెడగొట్టకూడదనే నిబంధన ఆ చట్టంలో వున్నది. దానికి అక్కడ మంచి పొరుగు నిబంధన అని పేరు. 2014లో వారి సుప్రీంకోర్టు దాని కింద చేసిన నియమాన్ని సమర్థించింది; 2024 జూన్‌లో అదే కోర్టు కొత్త పొరుగు ప్రణాళికను నిలిపివేసింది. అక్కడా పెట్టుబడి వూరుకోలేదన్నమాట. కాని పొరుగువాడు కోర్టుకెక్కడానికి చట్టంలో ఒక మెట్టయినా వున్నది. మనకు ఆ మెట్టు కట్టవలసి వున్నది.

పల్నాటి వారికి పొరుగు నీతి బోధించనక్కరలేదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని చెప్పుకుని గర్విస్తాం. ఒకే చాప మీద అన్ని కులాలవారూ కూర్చుని తినడం ఆ కాలానికి సాహసం. గాలి కూడా చాపకూడు వంటిదే. లేచిపోతానన్నా వీలులేని పంక్తి అది. ఆ పంక్తిలో ఒకడు విషం కలిపితే, "నేను నా విస్తట్లోనే కలిపాను" అని చెప్పుకోలేడు.

6

యిక మన సంగతి. ఏటి అవతలి పొగను చూపించి వేలెత్తడం సులభం. నరసరావుపేటలో నా బల్ల మీద దీపం ఏ బొగ్గుతో వెలుగుతున్నది? ఇబ్రహీంపట్నం పొగ, ముద్దనూరు పొగ పీల్చే వూళ్ల పేర్లు మనలో యెంతమందికి తెలుసు? వీర్లపాలెం ప్రాంతంలో వేల యెకరాల అడవి భూమి యీ ప్లాంటు కిందికి పోయింది; నైరుతి గాలి వీచే నెలల్లో పొగ మొదట పడేది ఆవలి వారి మీదే, మన మీద కాదు. ఈశాన్యపు గాలి తిరిగినప్పుడు మన వంతు వస్తుంది. కనుక యిది ఆంధ్ర తెలంగాణ తగవు కాదు. రెండు గట్ల మీదా కరెంటు కావలసిన, గాలి కూడా కావలసిన సామాన్య ప్రజానీకం ఒకవైపు. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పోటీ పెట్టి లాభం చూసుకునే విధానం మరొకవైపు.

ఆ పోటీ అనివార్యం కూడా కాదు. పొగలోని గంధకాన్ని కడగడానికి వాడే పద్ధతులలో ప్రధానమైనది సున్నపురాయి పద్ధతి. సున్నపురాయి ముద్దలో పొగను కడిగితే గంధకం జిప్సంగా మారుతుంది. తొంభై శాతానికి పైగా పట్టుబడుతుంది. జిప్సం సిమెంటులో కలిపే దినుసు. దాచేపల్లి, మాచర్ల ప్రాంతాలు సున్నపురాయి గనులకు, సిమెంటు కర్మాగారాలకు పేరుపడినవే. రోగం యేటికి అవతల, మందు యేటికి యివతల వున్నది. నడుమ వంతెన కూడా వున్నది. లేనిది మందు తాగించే వైద్యుడు. అంచేత ఖర్చును గురించి మాట్లాడేవారు, ఆ ఖర్చు యెవరు భరించాలన్న ప్రశ్నను దాచరాదు. యంత్రం పెట్టకపోతే ఖర్చు పోదు. ప్లాంటు పద్దులోంచి ఆసుపత్రి పద్దులోకి, అక్కడి నుంచి కూలివాడి అప్పు పద్దులోకి జరుగుతుంది.

1922లో యీ పల్నాటి అడవుల్లో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు. ఆ చట్టం మించాలపాడులో రాయలేదు. దూరాన, ఆ గడ్డిని యెన్నడూ చూడనివారు రాశారు. అమలుకు మాత్రం వూళ్లోకి మనుషులు వచ్చారు. కన్నెగంటి హనుమంతు ఆ వచ్చినవారి యెదుట నిలబడి యివ్వనన్నాడు, తుపాకి గుండ్లకు బలయ్యాడు. ఆనాటి అన్యాయానికి ముఖం వున్నది కనుక యెదిరింపుకు కూడా చోటు దొరికింది. పొగ పుల్లరి వసూలు చెయ్యడానికి రాదు. అది యిల్లిల్లూ తిరిగి తనకు కావలసింది తీసుకుని పోతుంది. దాని యెదుట నిలబడాలంటే ముందుగా దాని ముఖం గుర్తు పట్టాలి. విమర్శకుడు చెయ్యగలిగిన పని అదేనని నేను అనుకుంటాను.

అందుకు కొన్ని చిన్న కోరికలతో మొదలుపెట్టవచ్చు. గొట్టం దగ్గర పరికరం కొలిచే అంకెలు రెండు గట్లలోని పంచాయతీ కార్యాలయాల గోడల మీద తెలుగులో కనబడాలి. వలయం యేరు దాటినచోట సభ కూడా యేరు దాటాలి. రెండు మండళ్లూ కలిసి కూర్చునే ఒక సంఘం, కనీసం నీటికి వున్నపాటిది, గాలికి వుండాలి. అన్నిటికంటే ముఖ్యం మరొకటి. హద్దు బిగించాలంటే రాష్ట్ర మండలి కారణాలు రాతలో పెట్టాలని నిబంధన చెబుతున్నది. బిగించకపోతే కూడా కారణాలు రాతలో పెట్టాలని అడుగుదాం. యిప్పటి పద్ధతిలో చేసిన పనికే సంజాయిషీ, చెయ్యని పనికి లేదు. చెయ్యకపోవడం కూడా ఒక నిర్ణయమేనని, దాని కింద కూడా ఒక సంతకం వుండాలని ఒప్పుకున్ననాడు బాధ్యతకు మళ్లీ ముఖం వస్తుంది.

ఆ పెద్దాయన మళ్లీ కనబడితే యేమి చెప్పాలో యిప్పుడు కొంత తెలుస్తున్నది. "యివతలి మండలినీ అడగాల, అవతలి మండలినీ అడగాల. ఢిల్లీవాళ్ల పేరు చెప్పి తప్పించుకుంటే, నిబంధన చూపించి మళ్లీ అడగాల. ఒక్కడివే అడిగితే ఫోను పెట్టేస్తారు, అవతలి గట్టు రైతును కూడా వెంటబెట్టుకుని అడగాల" అని చెబుతాను. అడగడానికి నేను కూడా వెంట వెళ్లవలసి వుంటుందని నాకు తెలుసు.